చలికి ముద్దకట్టే నెత్తురు

ఇప్పుడు బాగానే ఉన్నాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. జబ్బుగా ఉన్న నెలల్లో ఇలాంటి అనుభవాలు వెతికి వెతికి చదివేదాన్ని. ప్రతిసారీ ముందు చివరి పేరాకు వెళ్లి, రాసినవాళ్లు బతికే ఉన్నారా లేదా అని చూసుకుని, అప్పుడు మొదటికి వచ్చేదాన్ని. మీకు ఆ శ్రమ అక్కర్లేదు.

నా పేరు సుజాత. పుట్టింది హనుమకొండలో. ఐర్లాండ్ వచ్చి పద్నాలుగేళ్లయింది. మా ఇల్లు డబ్లిన్ పడమటి అంచున లూకన్‌లో ఉంది. మురళి, నేను ఇంజనీరింగ్‌లో ఒకే క్లాసు, అందుకే పెళ్లయ్యాక కూడా పేర్లతోనే పిలుచుకుంటాం. తను శాండీఫోర్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేస్తాడు. మా అమ్మాయి సహనకు పదిహేడేళ్లు. నేను చెప్పబోయే ఏడాది దానికి స్కూలు ఆఖరి పరీక్షల సంవత్సరం.

డబ్లిన్‌లో నా ఉద్యోగం పోయాక దేశానికి అటు చివర, పడమటి తీరంలోని గాల్వేలో దొరికింది. గుండె నాళాల్లోకి పంపే సన్నటి గొట్టాలు తయారుచేసే కంపెనీ. వాటికి చేసిన పరీక్షల కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయా లేదా అని చూడడం నా పని. సోమవారం పొద్దున బస్సెక్కి వెళ్లడం, శుక్రవారం సాయంత్రం ఇంటికి రావడం. వారం మధ్యలో బ్రీడా అనే డెబ్బై రెండేళ్ల ఆవిడ ఇంట్లో మేడమీది గదిలో ఉండేదాన్ని. ఏడాదే కదా అనుకున్నాం ముగ్గురం. అది రెండో ఏడాదిలో పడింది.

సెప్టెంబరు, అక్టోబరు

మొదట గమనించింది పెరుగన్నం దగ్గర. ఆఫీసు ఫ్రిజ్‌లోంచి డబ్బా తీసి, ఆకలి మీద వేడిచేసుకోకుండానే ఒక ముద్ద మింగాను. గొంతులో ఎవరో చెయ్యి పెట్టి పిండినట్టయింది. రెండో ముద్దకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. పక్కన కూర్చున్న అమ్మాయి నీళ్ల గ్లాసు అందించింది. చల్లటి నీళ్లు. అవీ దిగలేదు.

తర్వాత వేళ్లు. సూపర్‌మార్కెట్‌లో పాల డబ్బా తీసుకుని డబ్బు కట్టే వరసలో నిలబడేసరికి కుడిచేతి వేళ్ల కొసలు నేరేడుపండు రంగుకు తిరిగేవి. చంకలో పెట్టుకుంటే పది నిమిషాల్లో మామూలయ్యేవి. బస్సు స్టాపులో నిలబడితే చెవుల అంచులు నల్లబడేవి. అది నాకు కనిపించేది కాదు. ఒకరోజు బ్రీడా చూసి, నీ చెవికి ఇంకు అంటిందమ్మా అని తడిబట్టతో తుడవబోయింది.

అలసట సంగతి ఎలా చెప్పాలో తెలియదు. బ్రీడా ఇంట్లో మేడకు పదమూడు మెట్లు. సెప్టెంబరులో ఒక్క ఊపున ఎక్కేదాన్ని. అక్టోబరు చివరికి ఏడో మెట్టు దగ్గర కూర్చుని, గోడకు తల ఆనించి, గుండె చెవుల్లో కొట్టుకోవడం వింటూ ఉండేదాన్ని. కింద వంటింట్లో బ్రీడా రేడియో పెట్టుకుని బంగాళాదుంపలు తరుక్కునేది. ఆవిడకు తెలియకూడదని ఊపిరి అణచుకునేదాన్ని. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. పరాయివాళ్ల ఇంట్లో జబ్బుపడడం మర్యాద కాదనుకున్నానేమో.

ఫోన్‌లో మురళితో చెప్పాను, వేళ్లు నీలం అవుతున్నాయని.

"చలికి అందరికీ అయితయ్. మంచి గ్లౌజులు కొనుక్కో," అన్నాడు.

కొనుక్కున్నాను.

నవంబరు

జీపీ, అంటే ఇక్కడ ఏ జబ్బుకైనా ముందు చూసే పేట డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ దొరకడానికి రెండు వారాలు పట్టింది. చిన్న వెయిటింగ్ గది, గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు. ఎవరైనా వస్తే తలుపు తెరుచుకుని గాలి నా మీదే కొట్టేది. రెండో తలుపు దగ్గరి కుర్చీకి మారాను. అదీ అంతే. చివరికి నిలబడ్డాను.

డాక్టరు మంచావిడే. వయసు అడిగింది. నలభై ఆరు అన్నాను. నెలసరి ఆగే ముందు వచ్చే మార్పులు కావచ్చు, ఒంటరిగా ఉంటున్నావు, నిద్ర పడుతోందా అని అడిగింది. రక్తపరీక్ష రాసింది. నర్సు రక్తం తీసింది.

మూడు రోజుల తర్వాత ఫోన్. రక్తం గొట్టంలోనే గడ్డకట్టిందట, ల్యాబు వెనక్కి పంపిందట, మళ్లీ రమ్మన్నారు. వెళ్లాను. మళ్లీ తీశారు. మళ్లీ ఫోన్, అదే మాట. మూడోసారి నర్సు ముఖం ఎర్రబడింది. "తప్పు నాదే అయి ఉంటుంది. గొట్టం సరిగ్గా తిప్పలేదేమో. సారీ, లవ్," అని నా చెయ్యి నిమిరింది. ఆ మూడోదీ వెనక్కి వచ్చింది. ఇక క్రిస్మస్ తర్వాత చూద్దామన్నారు.

నేను బతుకంతా పరీక్షల కాగితాలే చూస్తున్నాను. ఒక పరీక్ష మూడుసార్లు ఒకే రకంగా తప్పితే, తప్పు పరీక్ష చేసేవాళ్లది కాదు, వస్తువుది. ఆఫీసులో ఈ మాట కొత్తవాళ్లకు నేనే నేర్పుతాను. నా నెత్తురు విషయంలో మాత్రం తట్టలేదు. ఆ నర్సును చూసి జాలిపడి ఊరుకున్నాను.

మీలో ఎవరికైనా రక్తం నమూనా పదేపదే గడ్డకట్టిందని వెనక్కి వస్తే, ఒక్కసారి ఆగి అడగండి. ఎందుకు కడుతోంది అని అడగండి. ఈ రాతలో నేను ఇవ్వగలిగిన సలహా ఇదొక్కటే.

డిసెంబరు

ఒక సాయంత్రం వడగళ్లలాంటి వానలో బస్సు రాక నలభై నిమిషాలు తడిశాను. మర్నాడు పొద్దున బాత్రూమ్‌లో చూస్తే మూత్రం పాలు లేని టీ రంగులో ఉంది. మధ్యాహ్నానికి తేటపడింది. కలగన్నానేమో అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

క్రిస్మస్ సెలవులకు లూకన్ వెళ్లాను. రెండు వారాలు ఇంట్లోంచి కదల్లేదు. మా ఇల్లు వెచ్చగా ఉంటుంది, మురళికి హీటింగ్ ఆపడం ఇష్టముండదు. వేడివేడి పప్పు, చారు. నాలుగో రోజుకు మెట్లు ఎక్కగలిగాను. పదో రోజుకు బుగ్గల మీద రంగొచ్చింది. వేళ్లు ఒక్కసారి కూడా నీలం కాలేదు.

మురళి అది చూసి సంతోషపడ్డాడు. సోఫాలో నా పక్కన కూర్చుని నెమ్మదిగా అన్నాడు: "చూసినవా? ఇంట్ల ఉంటే మంచిగనే ఉన్నవ్. అక్కడ ఒక్కదానివే ఉండి ఉండి మనసు ఖరాబు చేసుకుంటున్నవ్ సుజాతా. గదే నీ జబ్బు."

నాకు కోపం రాలేదు. నిజమే అనిపించింది. అంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు. నా వేళ్లు నల్లబడుతున్నది బెంగతో, గొంతు పట్టేస్తున్నది బెంగతో, మెట్లెక్కలేనిది బెంగతో. అలా అనుకుంటే సిగ్గేసింది. ఈ దేశంలో ఎంతమంది ఒంటరిగా ఉండడం లేదు? ఆసుపత్రుల్లో చేసే మన పిల్లలు ఆరు నెలలకో ఊరు మారుతూ ఉండడం లేదా?

సహన తన గదిలో చదువుకునేది. టీ తీసుకెళ్తే పుస్తకంలోంచి తలెత్తకుండా, "థాంక్స్ అమ్మా," అనేది. ఒకరోజు మంచం చివర కూర్చోబోయాను.

"ఏమన్నా మాట్లాడవే," అన్నాను.

"అమ్మా, యు ఆర్ ఓన్లీ హియర్ ఫర్ అ ఫ్యూ డేస్. ఐ హావ్ స్టడీ టు డూ. ఇట్స్ గ్రాండ్," అంది. గ్రాండ్ అంటే ఇక్కడివాళ్ల మాటలో పరవాలేదని. విసుగు లేదు గొంతులో. చుట్టాలావిడతో మాట్లాడినట్టుంది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

జనవరి

తిరిగి గాల్వే వెళ్లిన రెండో వారంలో జలుబు, దగ్గు, జ్వరం. అదే వారం బ్రీడా చెల్లెలి దగ్గరకు మేయో వెళ్లింది. ఆవిడ వెళ్లిన పూటే బాయిలర్ ఆగిపోయింది. మెకానిక్ మూడు రోజుల తర్వాత వస్తానన్నాడు. బ్రీడాకు ఫోన్ చేసి పిలిపించవచ్చు. ఆవిడ సరదాగా వెళ్లింది కదా, ఎందుకు పాడుచేయడం అనుకున్నాను. హోటల్ గది తీసుకోవచ్చు. పక్క వీధిలో మన తెలుగువాళ్లు ఉన్నారు, తలుపు కొట్టవచ్చు. ఇవన్నీ ఇప్పుడు తోస్తున్నాయి. అప్పుడు రెండు స్వెట్టర్లు, కోటు వేసుకుని దుప్పట్లలో దూరి, జ్వరం తగ్గితే అన్నీ తగ్గుతాయి అనుకుంటూ పడుకున్నాను. ఆఫీసుకూ ఇంటికీ జలుబని మెసేజ్ పెట్టి ఊరుకున్నాను. ఆ మూడు రోజుల్లో నేను మాట్లాడిన మనిషి ఆ మెకానిక్ ఒక్కడే, అదీ ఫోన్‌లో.

మూడో రోజు పొద్దున పది గంటలకు బ్రీడా వచ్చింది. తలుపు చప్పుడు విని కిందికి దిగబోయాను. నాలుగు మెట్లు దిగి కూర్చుండిపోయాను. ఆవిడ సంచి చేతిలో పట్టుకునే కింద నిలబడి పైకి చూసింది.

"జీసస్, సుజాతా. నీ కళ్లు చూసుకున్నావా?"

చూసుకోలేదు. పసుపు పచ్చగా ఉన్నాయట.

ఆవిడ కోటు కూడా విప్పలేదు. నా కాళ్లకు తన ఉన్ని మేజోళ్లు తొడిగి, కెటిల్ పెట్టి నా ఫ్లాస్కు నిండా వేడినీళ్లు పోసి ఇచ్చి, కారులో ఆసుపత్రికి తీసుకెళ్లింది. అన్ని సిగ్నళ్ల దగ్గరా, "నువ్వు గ్రాండ్, నువ్వు గ్రాండ్," అంటూనే ఉంది. నాకా తనకా తెలియదు.

ఎమర్జెన్సీలో కుర్చీలన్నీ నిండిపోయాయి. బ్రీడా ఎవరో కుర్రాడిని లేపి నన్ను కూర్చోబెట్టింది. నేను మురళికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. మెసేజ్ వచ్చింది: "మీటింగ్‌ల ఉన్న. అర్జెంటా?"

ఆ ప్రశ్నను చాలాసేపు చూశాను. వేళ్లు సరిగ్గా కదలడం లేదు. "కాదు," అని టైపు చేసి పంపాను.

పేరు నమోదు చేసుకునే నర్సు వివరాలు అడుగుతూ పోయింది. నెక్స్ట్ ఆఫ్ కిన్ ఎవరు, ఏమైనా అయితే ఎవరికి చెప్పాలి అంది. నేను పక్కకు చూసి, "బ్రీడా," అన్నాను. ఏమవుతారు అని అడిగింది. ఇంటావిడ అన్నాను. నర్సు పెన్ను ఒక్క క్షణం ఆగింది. బ్రీడా నా ముఖంలోకి చూసి, తన నంబరు చెప్పింది.

మధ్యాహ్నం రెండు దాటాక ఒక డాక్టరు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. నా పేరు చదివి, "తెలుగా మేడం?" అన్నాడు. పేరు రాజశేఖర్. కర్నూలులో చదివాడట. ఆ ఊరి యాస వినగానే అన్నీ ఒకేసారి చెప్పబోయి మాటలు కలగాపులగం చేశాను.

"నిదానంగా చెప్పండి, తొందరేం లేదు," అన్నాడు. తొందర ఉందని ఇద్దరికీ తెలుసు. ఆయన్ని మూడుసార్లు ఇంకెక్కడికో పిలిచారు.

రక్తం తీసి పంపాడు. గంటకు తిరిగి వచ్చాడు. "గడ్డకట్టిందంటున్నారక్కా," అన్నాడు. మేడం పోయి అక్క వచ్చింది. నేను అప్పుడు నవంబరు సంగతి చెప్పాను. మూడుసార్లూ ఇదే మాట చెప్పారన్నాను.

ఆయన చేతిలోని కాగితాలు పక్కన పెట్టాడు. తర్వాత నా గ్లౌజులు తీయించి వేళ్లు చూశాడు, చెవులు చూశాడు. "చల్లగా ఏమన్నా తింటే గొంతు నొప్పి పుడుతుందా?" అన్నాడు.

పెరుగన్నం అన్నాను. నాలుగు నెలల్లో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన.

"ఆ ఫ్లాస్కులో ఏముంది?"

"వేడినీళ్లు."

"నాకు ఇస్తారా కొంచెంసేపు? రక్తం చల్లబడకుండా పంపాలి. ల్యాబువాళ్ల ఫ్లాస్కు ఒకటుంటుంది, ఎక్కడ పెట్టినారో దొరకడం లేదు."

నీళ్లు సగం పారబోసి, చన్నీళ్లు కలిపి, థర్మామీటరు ముంచి ఒంటి వేడికి తెచ్చాడు. కొత్తగా రక్తం తీసి, గొట్టాన్ని సంచిలో కట్టి ఆ ఫ్లాస్కులో పెట్టి, మూత బిగించి, తనే పట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్లాడు. బ్రీడా వెనకనుంచి చూస్తూ, "ఆ అబ్బాయి నీ బంధువా?" అంది. కాదన్నాను. "అలా అనిపించాడు," అంది.

ఈసారి రక్తం ముద్దకట్టలేదు.

సాయంత్రం ఐదింటికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో చెబుతాను. మనం పుట్టాక ఏ జబ్బూ రాకముందే, ఏ టీకా వేయకముందే ఒంట్లో కొన్ని యాంటీబాడీలు తయారై ఉంటాయి. సహజ యాంటీబాడీలంటారు. ఎవరూ నేర్పకుండానే పని తెలిసినవి. కొత్త క్రిమి వస్తే మొదట ఎదురెళ్లేవి ఇవే. పాతబడి చచ్చిన కణాలను ఊడ్చేసేవీ ఇవే. ఒక గ్రూపు రక్తం ఇంకో గ్రూపు మనిషికి పడకపోవడానికి కారణం కూడా ఇవే. వాటిలో ఒక రకానికి చలి తగిలితే మన ఎర్రకణాలనే పట్టుకునే గుణం ఉంది. అందరిలోనూ ఉంటాయి, కానీ కొద్దిగా. ఒంటి వేడిలో అవి ఏమీ చేయలేవు. రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టి చూస్తే తప్ప ఉన్నట్టే తెలియదు.

"మీకు వాటిని తయారుచేసే కణం ఒకటి దారి తప్పి, దానికదే పెరిగిపోయింది అక్కా. అవి మరీ ఎక్కువైనాయి, బలంగానూ ఉన్నాయి. ఇప్పుడు ఫ్రిజ్ అక్కర్లేదు. మీ వేలికొసల్లో చలి చాలు. అక్కడ నెత్తురు ముద్దకడుతుంది, కణాలు పగిలిపోతాయి. కళ్లు పచ్చబడింది, ఆయాసం, అన్నీ దానివల్లే. జ్వరం తోడై ఎక్కువైంది."

"నేను ఇంటి మీద బెంగ అనుకున్నాను," అన్నాను.

ఆయన నవ్వలేదు. "బెంగ కూడా ఉంటుంది లేక్కా. కానీ ఇది వేరే," అన్నాడు.

అప్పుడు ఏడ్చాను. భయంతో కాదు. నా జబ్బుకు ఒక కారణం ఉంది. అది నా మనసు చేతకానితనం కాదు. లూకన్ ఇంట్లో తగ్గింది అక్కడ నావాళ్లున్నందుకు కాదు, హీటింగ్ ఉన్నందుకు. ఆ చివరిది తట్టాక ఏడుపు ఇంకా ఎక్కువైంది.

"ఇంట్లో చెప్పినారా?"

"చెప్తాను."

"ఫోన్ ఇటివ్వండి, నేను మాట్లాడతా," అని చెయ్యి చాపాడు.

రక్తం ఎక్కించాలి, ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు. కానీ గ్రూపు తేల్చే పరీక్షలో నా రక్తం ప్రతి నమూనాతోనూ ముద్దకట్టింది. ఎవరిది కలిపినా అంతే. డబ్లిన్‌లోని పెద్ద ల్యాబుకు పంపారు, జవాబు వచ్చేదాకా ఆగాలన్నారు. నన్ను ఒంటరి గదిలో ఉంచి, హీటరు పెట్టి, వెచ్చటి గాలి నింపే దుప్పటి కప్పారు. బ్రీడా ఇంటికి వెళ్లి వేడినీళ్ల సంచీలు రెండు తెచ్చింది. ఊపిరి తీయడం ఒక పని అయిపోయింది. ఈ ఊళ్లో ఇంతమంది ఉన్నారు, ఒక్కరి నెత్తురూ నా నెత్తురుతో కలవనంటోంది అని అదే ఆలోచన. భయం కంటే అది ముందు వచ్చేది.

ఎనిమిదింటికి మురళి, సహన వచ్చారు. డబ్లిన్ నుంచి రెండు గంటల దారి. మురళి ఆఫీసు ఐడి కార్డు ఇంకా మెడలోనే ఉంది. సహన తలుపు దగ్గరే ఆగి, "అమ్మా, యు ఆర్ యెల్లో," అని గబుక్కున బయటికి వెళ్లిపోయింది.

మంచం తలదగ్గర తెల్లబోర్డు. రోగి పేరు, డాక్టరు పేరు, కింద నెక్స్ట్ ఆఫ్ కిన్: బ్రీడా. మురళి దాన్ని రెండుసార్లు చదివాడు.

"నేను యాదికి రాలేదా నీకు?"

"నువ్వు మీటింగ్‌ల ఉన్నవ్."

"అర్జెంటా అని అడిగిన గదా."

"అడిగినవ్."

"కాదన్నవ్."

"అన్న."

గోడ దగ్గర ఒదిగి నిలబడ్డ బ్రీడా, మా మాటల్లో ఒక్క ముక్క అర్థం కాకపోయినా, కోటు తీసుకుని, టీ తాగొస్తానని బయటికి నడిచింది. మురళి ఆవిడ వెనకాలే తలుపు దాకా వెళ్లి, "థాంక్యూ," అన్నాడు. ఇంకేదో అనాలని చూశాడు. ఆవిడ అతని మోచెయ్యి తట్టి వెళ్లిపోయింది.

సహన కాసేపటికి తిరిగి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. చేతిలో కాగితపు కప్పులో టీ. "ఇట్స్ వెరీ హాట్. ఐ ఆస్క్డ్ దెమ్ టు మేక్ ఇట్ వెరీ హాట్," అంది. ఆ టీలో చక్కెర లేదు, పాలు సరిగ్గా లేవు. మొత్తం తాగాను.

మర్నాడు పొద్దున జవాబు వచ్చింది. నా రక్తాన్ని వెచ్చబెట్టి, అడ్డం వస్తున్న యాంటీబాడీలను పక్కకు తప్పించి, సరిపోయేది వెతికారట. ఆ రక్తం ఒక చిన్న వేడిచేసే పెట్టెలోంచి పాకి నా చేతిలోకి వచ్చింది. గోరువెచ్చగా ఎక్కడం తెలిసింది. ఎవరిదో తెలియదు. ఈ దేశంలో ఏదో ఊళ్లో, ఒక మధ్యాహ్నం చొక్కా చెయ్యి మడిచి ఇచ్చి, బిస్కెట్టు తిని ఇంటికెళ్లిన మనిషిది. ఆ మనిషికి కృతజ్ఞత చెప్పే దారి లేదు.

ఫిబ్రవరి నుంచి మే

అసలు మందు ఫిబ్రవరిలో మొదలుపెట్టారు. ఆ యాంటీబాడీలను తయారుచేసే కణాలను తగ్గించే మందు, వారానికోసారి చొప్పున నాలుగు వారాలు, నరంలోకి. డే వార్డులో వరసగా పెద్ద కుర్చీలు, ఒక్కో కుర్చీలో ఒక్కో మనిషి. ఎవరి జబ్బు వాళ్లది, ఎవరూ అడగరు. వాతావరణం గురించి మాత్రం అందరూ మాట్లాడతారు. మొదటిసారి ఎక్కించినప్పుడు వణుకు, ఒళ్లంతా దద్దుర్లు. మందు ఆపి, నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టారు. పక్క కుర్చీలోని ముసలాయన కళ్లు మూసుకునే, "మొదటిదే కష్టం," అన్నాడు. తర్వాతి వారం ఆయన రాలేదు. ఎందుకని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

సెలవు పెట్టి లూకన్‌లోనే ఉన్నాను, మందుకు మాత్రం మురళి గాల్వే తీసుకెళ్లేవాడు. డబ్లిన్‌కు మార్పించుకోవచ్చన్నారు. రాజశేఖర్ ఉన్న చోటే కావాలని నేనే అన్నాను. మూడో వారానికి ఆయనకు వేరే ఊరికి బదిలీ అయింది. చెప్పడానికి వార్డుకు వచ్చి, "చలికాలం జాగ్రత్తక్కా. జ్వరమొస్తే ఇంట్లో పడుకోవద్దు, వెంటనే రండి," అన్నాడు. అంతే. ఒక మనిషి మన ప్రాణం నిలబెట్టి, సెలవు చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోతాడు.

జబ్బు సంగతి తెలిశాక చాలామంది ఫోన్ చేశారు. బీట్‌రూటు తినమన్నారు, దానిమ్మ రసం తాగమన్నారు, ఇండియా వెళ్లిపోతే ఎండకు అదే తగ్గుతుంది కదా అన్నారు. అందరూ మంచి మనసుతోనే. చివర్లో అందరూ ఒకటే మాట: "చూడ్డానికి మంచిగనే ఉన్నవ్ గదా." జబ్బు పెద్దదిగా ఉన్నప్పుడు కంటే తగ్గుతున్నప్పుడు ఎక్కువ ఒంటరిగా ఉంటుంది. ఆ సంగతి ఎవరూ ముందు చెప్పరు. పెద్దదిగా ఉన్నప్పుడు గదిలో మనుషులుంటారు.

మురళి మారాడు. నేను బయటికి రాకముందే కారు వెచ్చబెడతాడు. ఫ్రిజ్‌లోంచి కూరగాయలు తనే తీసి కడుగుతాడు. ఇప్పుడు నన్ను చూస్తున్న రక్తజబ్బుల పెద్ద డాక్టరు చెప్పినవన్నీ పుస్తకంలో రాసుకుంటాడు. కానీ ఆ తెల్లబోర్డు గురించి మేం మళ్లీ మాట్లాడలేదు. రెండు గంటల గాల్వే దారిలో రేడియో మోగుతూ ఉండేది.

మే నెలకు రక్తం నిలబడింది. యాంటీబాడీలు పోలేదు, తగ్గాయి. పూర్తిగా పోవు, పోకూడదు కూడా అంది పెద్ద డాక్టరు. నాతో పుట్టినవి, ఇన్నేళ్లు నన్ను కాసినవి. మళ్లీ పెరగొచ్చు. ఏళ్లు పట్టొచ్చు, ఈ చలికాలమే రావొచ్చు. మూడు నెలలకోసారి రక్తం చూపించుకోవాలి. గొట్టం మీద పెద్ద అక్షరాలతో రాస్తారు: వెచ్చగా ఉంచండి.

ఆగస్టు

సహన పరీక్షలు అయిపోయాయి. ఒకరోజు ముగ్గురం వంటింట్లో ఉన్నాం. మురళి కందిపప్పు డబ్బాను అల్మారాలో పెడుతూ, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"ఆ మూడు రోజులు ఎట్ల ఉన్నవ్ సుజాతా? బాయిలర్ లేనప్పుడు?"

ఏడు నెలల తర్వాత అడిగాడు. చెబుదామని నోరు తెరిచాను. మొదలు ఎక్కడో తెలియలేదు. పెరుగన్నం దగ్గరా, మెట్ల దగ్గరా, అంతకంటే ముందు సోమవారం బస్సు దగ్గరా?

"రాసిస్త," అన్నాను.

"రాయి. చదువుత."

సహన ఫోన్‌లోంచి తలెత్తింది. "ఐ కాంట్ రీడ్ తెలుగు," అంది. కాస్త ఆగి, తనే మళ్లీ తెలుగులో, ఒక్కో మాట వెతుక్కుంటూ అంది: "డాడీ చదివితే... నేను వింటా."

అందుకే రాశాను. పది రోజులు పట్టింది. నిన్న ఇక్కడిదాకా రాసి మురళికిచ్చాను. ఈరోజు ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ ముందుగదిలో కూర్చున్నారు. నేను అక్కడ ఉండలేక బయట మెట్ల మీద కూర్చున్నాను. తలుపు ఓరగా ఉంది. మురళి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. తెలుగు పైకి చదివి చాలా ఏళ్లయింది, అక్కడక్కడా తడబడ్డాడు. అర్థం కాని మాట వస్తే సహన ఆపి అడుగుతోంది, అతను ఇంగ్లీషులో చెబుతున్నాడు. చాలాసేపు అలా సాగింది.

తర్వాత అతని గొంతు ఆగిపోయింది. ఆసుపత్రికి తను పంపిన మెసేజ్ దగ్గర, వాక్యం మధ్యలో. నేను లేచి నిలబడ్డాను, లోపలికి వెళ్లాలా వద్దా తెలియలేదు.

"కీప్ గోయింగ్, డాడీ," అంది సహన. "ఐ వాంట్ టు హియర్ ఇట్."

కాగితం తిప్పిన చప్పుడైంది. అతను మళ్లీ చదవడం మొదలుపెట్టాడు.